యంత్రంలోని అంతర్యామి: స్వదేశీ ఆపరేటింగ్ సిస్టమ్‌పై ఒక తాత్త్విక విచారణ

ప్రశ్న స్వరూపం

భగవద్గీత 18వ అధ్యాయం 61వ శ్లోకం ఈశ్వరుణ్ణి సర్వభూతాల హృదయంలో నిలిచి, యంత్రం మీద ఎక్కించినవాటిని తిప్పినట్లుగా వాటిని తన మాయచేత తిప్పేవాడిగా వర్ణిస్తుంది. ఆ యంత్రం ఎలాంటిదో చెప్పవలసివచ్చినప్పుడు శంకరాచార్యులు తమ భాష్యంలో కొయ్యబొమ్మల ఉదాహరణను తీసుకున్నారు. బృహదారణ్యకోపనిషత్తు మూడో అధ్యాయంలోని అంతర్యామి బ్రాహ్మణం ఇదే భావాన్ని అంతకు ముందే మరింత సూక్ష్మంగా ప్రతిపాదించింది: జనకుని సభలో ఉద్దాలకుడు వేసిన ప్రశ్నకు సమాధానంగా యాజ్ఞవల్క్యుడు, భూమిలో ఉంటూనే భూమికి తెలియనివాడు, భూమిని శరీరంగా కలిగి దాన్ని లోపలినుంచి నియమించేవాడు అంతర్యామి అని చెప్పి, నీటి విషయంలోనూ, అగ్ని విషయంలోనూ, చివరకు కన్ను, చెవి, మనస్సు విషయంలోనూ అదే లక్షణాన్ని మళ్లీ మళ్లీ అన్వయించాడు. లోపల ఉండటం, తెలియకుండా ఉండటం, నియమించడం అనే మూడూ కలిస్తేనే అంతర్యామిత్వం.

ఈ మూడు లక్షణాలూ ఒక మానవనిర్మిత వస్తువుకు ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా సరిపోతాయి. కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఉండే ఆపరేటింగ్ సిస్టమ్, అనగా యంత్రభాగాలకూ వాటిమీద నడిచే ప్రోగ్రాములకూ నడుమ నిలిచి ప్రాసెసర్‌ను ఏ క్షణంలో ఎవరికి ఇవ్వాలో, జ్ఞాపకస్థానంలో ఎవరి వాటా ఎంతో, ఏ ఫైల్‌ను ఎవరు తెరవవచ్చో, కెమెరానూ మైకునూ ఎవరు తాకవచ్చో నిర్ణయించే నిర్వాహక వ్యవస్థ, వాడుకరి కంటికి దాదాపు ఎన్నడూ కనబడదు. కనబడేది అది చూపించిన తెర మాత్రమే. వేలు తాకిన ప్రతిసారీ ఆ స్పర్శ ముందు దానికే చేరుతుంది, దాని అనుమతి మీదనే తక్కినదంతా జరుగుతుంది.

ఇలాంటి వ్యవస్థను ఒక ప్రభుత్వమే తయారుచేయించి, దేశీయుల వాడుక కోసం వారి కార్యాలయాలకూ బడులకూ ఇళ్లకూ పంపితే, అది స్వదేశంలో పుట్టింది కాబట్టి నమ్మదగినదవుతుందా, లేక నమ్మకానికి పుట్టుకతో సంబంధంలేని వేరే ఆధారం కావాలా అన్నదే ఇక్కడి విచారణీయాంశం. భారతదేశంలో ఇటీవలి రెండు దశాబ్దాలలో వెలువడిన ఇటువంటి ప్రయత్నాల పేర్లే ఈ విచారణకు విభాగాలను సమకూరుస్తాయి. సీడాక్ అనే ప్రభుత్వ సంస్థ చెన్నై కేంద్రం నుంచి 2007 జనవరిలో విడుదలై, భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్ అనే పూర్తి పేరుకు సంక్షిప్తరూపంగా ‘బాస్’ అనిపించుకున్నది మొదటిది. ఐఐటీ మద్రాసు ఛత్రచ్ఛాయలో పుట్టిన అంకురసంస్థ రూపొందించగా 2023 జనవరిలో కేంద్రమంత్రులు పరీక్షించి చూపిన ఫోన్ వ్యవస్థ ‘భరోస్’ రెండవది. రక్షణశాఖ కంప్యూటర్ల కోసం సిద్ధమైందని 2023 ఆగస్టులో వార్తలకెక్కిన ‘మాయ’ మూడవది. పేర్లు పెట్టినవారి ఉద్దేశం ఏదైనా, యజమాని అనే అర్థం ఒకదానిలో, భరోసా అనే ధ్వని మరొకదానిలో, వేదాంతులు వందల ఏళ్లుగా తర్కించిన పదం ఇంకొకదానిలో ఉన్నాయి. వీటికి తోడుగా, ప్రభుత్వం కాక ప్రజాసంఘం హైదరాబాద్‌లో తెలుగువారికోసం తెచ్చిన నాలుగో పేరు ‘స్వేచ్ఛ’ కూడా ఉంది.

లేఅవుట్, ఇల్లు, తాళంచెవి

ప్రభుత్వం నిర్మించే వ్యవస్థకూ పౌరుని గృహానికీ మధ్య ఉండవలసిన సంబంధాన్ని ఊహించడానికి కంప్యూటర్ శాస్త్రం దాకా పోనక్కరలేదు. బెంగళూరు ఆగ్నేయాన ఆ శాస్త్రమే వృత్తిగా గలవారు కిక్కిరిసి నివసించే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ చాలు. హోసూరు రోడ్డు, సర్జాపూర్ రోడ్డు పేర్ల నుంచి తన పేరును సంపాదించుకుని, అగర చెరువుకు ఆనుకొని ఏడు సెక్టార్లుగా విస్తరించిన ఈ ప్రాంతం బీడీఏ, అనగా బెంగళూరు అభివృద్ధి ప్రాధికార సంస్థ, వేసిన లేఅవుట్. లేఅవుట్ వేయడమంటే నేలను కొలిచి, మెయిన్లు, క్రాసులు అనే వీధులు తీసి, మురుగుకాలువలు తవ్వి, ఉద్యానాలకు స్థలం విడిచి, మిగిలినదాన్ని సైట్లుగా విభజించి సంఖ్యలు వేసి కేటాయించడం. ఆ తరువాత సైటుదారు పేరున ఖాతా నమోదవుతుంది, ప్లాన్‌కు మంజూరు వస్తుంది, ఇల్లు లేస్తుంది.

ఈ క్రమంలో ప్రభుత్వం చేసినది స్వల్పమేమీ కాదు. రోడ్డు వెడల్పును అది నిర్ణయించకపోతే ఇల్లు ఉన్నా దారి ఉండదు. కాలువ వాలును సరిగా లెక్కించకపోతే వాన కురిసిన రాత్రి ఆ తప్పు ఇంటింటి నేలమాళిగలోకీ నీరై వస్తుంది. అయినప్పటికీ గృహప్రవేశం నాడు ఆవును తిప్పి, పాలు పొంగించి, గడపకు పసుపు రాసి కుంకుమ దిద్దే గృహస్థుని చేతిలోనే తాళంచెవి ఉంటుంది కానీ, లేఅవుట్ వేసిన సంస్థ మారుతాళం ఒకటి తన దగ్గర దాచుకోదు. నేలంతా ప్రభుత్వ ప్రణాళికే, గడప మాత్రం గృహస్థుదే అనే ఈ విభజనను ఎవరూ సిద్ధాంతంగా ప్రకటించకపోయినా, ఇక్కడి అపార్ట్‌మెంట్లలో పలకల నేలమీద వేలెడు ఎత్తున మిగిలిన గడపకు సైతం శుక్రవారం పసుపు పూసే తెలుగు ఇల్లాలి ఆచారం దాన్ని ఆచరణలో నిలుపుతూనే ఉంది.

ఆపరేటింగ్ సిస్టమ్ ఈ విభజనను చెరిపివేయగల వస్తువు, ఎందుకంటే అది ఏకకాలంలో రోడ్డూ గడపా కూడా. ప్రోగ్రాములన్నీ నడిచే దారి అదే, పాస్‌వర్డ్ అడిగి ద్వారం దగ్గర నిలిపే కాపలాదారూ అదే. దేశమంతటి కోసం వేసిన దారి ప్రతి ఇంటి పడకగది దాకా విడువకుండా పోయే చోట, దారి వేసినవాని అధికారం ఎక్కడ ఆగాలనేది ఇంజనీరింగ్ సమస్య కాదు, ధర్మసమస్య. దీని న్యాయపార్శ్వాన్ని తేల్చిన వ్యాజ్యం కూడా ఈ నగరపు మనిషి పేరుమీదే నిలిచింది: కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తిగా పదవీవిరమణ చేసిన కె.ఎస్. పుట్టస్వామి వేసిన కేసులోనే 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది సభ్యుల ధర్మాసనం ఆంతరంగికతను ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా గుర్తించింది.

పూర్వపక్షం: స్వదేశీ వాదంలోని బలం

భారతీయ శాస్త్రచర్చ పద్ధతిలో ఎదుటివారి వాదాన్ని దాని పూర్తి బలంతో ముందు నిలబెట్టడం పూర్వపక్షం. స్వదేశీ వ్యవస్థ కావాలనేవారి వాదానికి బలమైన కారణాలు మూడున్నాయి.

మొదటిది, ఇచ్చినవాడు ఆపగలడన్న భయం. అమెరికా నుంచి క్రే సూపర్ కంప్యూటర్ దొరకకపోవడం వల్లనే 1988లో సీడాక్ ఏర్పడింది, 1991లో పరమ్ 8000 సిద్ధమైంది. అది పాతకథ అనుకున్నా, 2025 జులైలో ఐరోపా ఆంక్షల నేపథ్యంలో గుజరాత్‌లోని వాడినార్‌లో చమురుశుద్ధి కర్మాగారం నడిపే నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు నిలిచిపోయి, ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లిన తరువాత పునరుద్ధరణ జరిగిన ఉదంతం అదే భయాన్ని కొత్తగా రుజువు చేసింది. రెండవది, ఒకే పునాది మీద అందరూ నిలబడితే ఒకే పగులు అందరినీ కూల్చగలదన్నది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు మొరాయించగా, మన విమానాశ్రయాలలో చేతిరాతతో బోర్డింగ్ పాసులు రాసి ఇచ్చారు.

మూడవ కారణం తెలుగువారికి మరింత దగ్గరిది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్‌కు ఒక తెలుగు అక్షరాన్ని పంపితే, దాన్ని చూపించబోయిన యాప్ కుప్పకూలేది. జకారం, దానికింద పొల్లు, ఞకారం, ఆపైన అక్షరాలను కలవనీయకుండా విడదీసే కనిపించని గుర్తు ఒకటి, చివర దీర్ఘం అనే అయిదు సంకేతాల వరుస అది, చూడటానికి ‘జ్ఞా’. జ్ఞానానికి మొదటి అక్షరమే యంత్రానికి అజీర్ణమైందన్నమాట. ఆపిల్ సంస్థ అదే నెల 19న సవరణ విడుదల చేసింది కానీ, అంతవరకూ తమ లిపిలోని అక్షరమే దోషంగా ప్రచారమవుతుంటే ఎనిమిది కోట్లకు పైబడిన భాషా సమాజం చేయగలిగింది ఎదురుచూడటమే. లాభసాటి కాని లిపులను అంగడి పట్టించుకోని కాలంలో, 1980లలో ఐఐటీ కాన్పూర్‌లో మొదలై సీడాక్‌లో కొనసాగిన లిపి సాంకేతికతా, బ్రాహ్మీ నుంచి పుట్టిన భారతీయ లిపులకు ఒకే సంకేతక్రమాన్ని నిర్దేశించిన 1991 నాటి ఇస్కీ ప్రమాణమూ ప్రభుత్వధనంతోనే పుట్టాయి. రాజ్యం చేయవలసిన పనులు కొన్ని నిజంగానే ఉన్నాయని ఇవి చాటుతాయి.

ఇంతవరకూ పూర్వపక్షం అభేద్యం. అయితే ఈ మూడు కారణాలూ రుజువు చేసేది పరాధీనత ప్రమాదకరమని మాత్రమే. అధీనత పరునినుంచి స్వజనానికి మారినంతనే స్వాధీనత అవుతుందని కాదు. ఈ రెండు ప్రతిజ్ఞలకూ మధ్య ఉన్న అగాధాన్నే గాంధీ 1909లో హింద్ స్వరాజ్ రాస్తూ, పాలకుణ్ణి మార్చి పాలనాస్వభావాన్ని అలాగే ఉంచుకోవాలనుకునే స్వరాజ్యవాదులకు చూపించాడు.

బాస్: స్వామ్యం ఎవరిది

శరీరమంటే ఏమిటన్న ప్రశ్నకు రామానుజులు శ్రీభాష్యంలో ఇచ్చిన నిర్వచనం ఇక్కడ కొలబద్దగా పనికివస్తుంది. చైతన్యంగల ఒక వస్తువు దేన్ని తన ప్రయోజనం కోసం నియమిస్తూ, ధరిస్తూ ఉంటుందో, ఏది దానికోసమే ఉంటుందో, అది దాని శరీరం. అంటే శరీరం నియామ్యం, అనగా నియమించబడేది. ధార్యం, అనగా నిలబెట్టబడేది. శేషం, అనగా మరొకరి ప్రయోజనానికై ఉండేది. ఎవరి ప్రయోజనానికై ఉంటుందో వారు శేషి. ప్రోగ్రాముల దృష్టితో చూస్తే ఆపరేటింగ్ సిస్టమ్ వాటిని నియమిస్తుంది, అది లేనిదే అవి క్షణమైనా నిలవవు, కనుక మొదటి రెండు లక్షణాల మేరకు అది వాటికి ఆత్మస్థానంలో ఉంది. అసలు సందేహం మూడవ లక్షణం దగ్గర పుడుతుంది: ఆ వ్యవస్థ స్వయంగా ఎవరికి శేషం? నియంత ఎవరన్నది తేలినా శేషి ఎవరన్నది తేలకపోవచ్చు. తోటమాలి మొక్కను వంచుతాడు, కానీ పువ్వు దేవుడిదా, యజమానిదా, అంగడిదా అన్నది వంచిన చేతిని చూసి చెప్పలేము.

‘బాస్’ విషయంలో ఈ ప్రశ్నకు దొరికే జవాబు దాని పేరుకంటే వినయమైనది. అది శూన్యం నుంచి పుట్టలేదు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ కెర్నల్ మీద, అనగా వ్యవస్థకు గర్భంగా ఉండే కేంద్రభాగం మీద, 1993లో మొదలైన డెబియన్ అనే స్వచ్ఛంద ప్రపంచసమూహం పేర్చిన కట్టడాన్ని తీసుకుని, భారతీయ భాషలకూ అవసరాలకూ తగినట్లు సీడాక్ దిద్దింది. భరోస్‌కు ఆండ్రాయిడ్ బహిరంగ మూలమూ, మాయకు ఉబుంటూ ఇలాగే ఆధారాలు. అంటే స్వదేశీ అని పిలిచే మూడింటిలోనూ ముడిసరుకు సర్వదేశీయమే. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఆ మూలాలు ఎవరైనా తీసుకోవచ్చు, చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు అనే షరతులతోనే వెలువడ్డాయి కాబట్టి, తీసుకున్నవానికి ఇచ్చినవాడు యజమాని కాలేడు.

ఉడుపిలో నెలకొని ద్వైతమతాన్ని స్థాపించిన మధ్వాచార్యులు తత్త్వసంఖ్యానంలో తత్త్వాన్ని స్వతంత్రం, అస్వతంత్రం అని రెండుగా విభజించి, విష్ణువొక్కడే స్వతంత్రుడని, తక్కిన సమస్తమూ అస్వతంత్రమని నిర్ణయించారు. ఈ విభజనను లౌకికవిషయానికి అన్వయిస్తే ఒక హెచ్చరిక దొరుకుతుంది: చిప్పు ఒకచోటిది, కెర్నల్ ఒకచోటిది, అక్షరరూపం ఒకచోటిది అయిన యంత్రంలో ఏ రాజ్యమూ తాను సంపూర్ణ స్వతంత్రుడనని చెప్పుకోలేదు; అలా చెప్పుకోవడం ఈశ్వరలక్షణాన్ని అనీశ్వరునికి అంటగట్టడమే. అందువల్ల సాధించదగినది ఆధారాలు లేకపోవడం కాదు, ఆధారపడిన చోటు తెలిసి ఉండటం, అవసరమైతే ఆధారాన్ని మార్చుకోగలగడం.

భరోస్: నమ్మకానికి ప్రమాణం

భరోసా ఎలా పుడుతుందన్న ప్రశ్నకు న్యాయదర్శనం శబ్దప్రమాణ ప్రకరణంలో నేరుగా సమాధానమిస్తుంది. స్వయంగా చూడలేని విషయాన్ని ఆప్తుని మాటవల్ల తెలుసుకోవడం శబ్దప్రమాణం. ఆప్తుడంటే ఉన్నదాన్ని ఉన్నట్లు చెప్పేవాడని, పదిహేడో శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో పసివారికి సైతం అర్థమయ్యేలా నిర్వచించాడు. అంతకు చాలా శతాబ్దాల క్రితమే న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఆప్తునిలో విషయాన్ని ప్రత్యక్షంగా ఎరిగి ఉండటం, ప్రాణులపట్ల దయ, ఉన్నదున్నట్లు తెలియజెప్పాలనే కోరిక అనే గుణాలను పేర్కొని, ఆప్తలక్షణం ఋషులకూ ఆర్యులకూ మ్లేచ్ఛులకూ సమానమేనని స్పష్టం చేశాడు. స్వదేశీ చర్చ మొత్తంలో దీనికి మించిన సూటి వాక్యం దొరకదు: పరదేశి అయినంతమాత్రాన అనాప్తుడు కాడు, స్వదేశి అయినంతమాత్రాన ఆప్తుడూ కాడు, ఎరిగినవాడా, దయగలవాడా, దాచకుండా చెప్పేవాడా అన్నదే పరీక్ష.

అయితే చెప్పినదాన్ని సరిచూడటం ఎలా? ఇక్కడ మీమాంసకులకూ, న్యాయదర్శనం వారైన నైయాయికులకూ మధ్య పాత వివాదం ఒకటి తలెత్తుతుంది. జ్ఞానం సరైనదన్న నిశ్చయాన్ని ప్రామాణ్యమంటారు. ఆ నిశ్చయం ఆ జ్ఞానంతోపాటే కలుగుతుందని, దోషం బయటపడితేనో బాధకమైన మరో జ్ఞానం ఎదురైతేనో మాత్రమే తొలగుతుందని మీమాంసకులు చెప్పేది స్వతఃప్రామాణ్యవాదం. నిశ్చయం వేరొకదానివల్లనే, అనగా ఎండమావి కాక నీరే అయితే దాహం తీరుతుందన్నట్లు ప్రవృత్తి ఫలించడంవల్లనే కలుగుతుందని నైయాయికులు చెప్పేది పరతఃప్రామాణ్యవాదం. ఒకదాన్ని రుజువుచేయడానికి మరొకటి, దాన్ని రుజువుచేయడానికి ఇంకొకటి కావలసివస్తే అంతుండదని, ఇది అనవస్థ అనే దోషమని మీమాంసకులు వారిని నిలదీశారు.

ఈ అనవస్థనే 1984లో కెన్ థాంప్సన్ తన ట్యూరింగ్ పురస్కార ప్రసంగ వ్యాసంలో యంత్రం మీద ప్రదర్శించాడు. మనుషులు చదవగల మూలపాఠాన్ని, అనగా సోర్స్ కోడ్‌ను, యంత్రం నడపగల రూపంలోకి మార్చే ప్రోగ్రాము కంపైలర్. ద్వారపాలకుని పనిచేసే లాగిన్ ప్రోగ్రామును తయారుచేస్తున్నానని గుర్తించినప్పుడల్లా కంపైలర్ అందులో రహస్యద్వారం ఒకటి చేర్చేలాగా, తన తరువాతి కంపైలర్‌ను తయారుచేస్తున్నప్పుడు ఈ దుర్గుణాన్నే దానికి సంక్రమింపజేసేలాగా చేసి, ఆపైన మూలపాఠం నుంచి ఆ పంక్తులను తుడిచివేస్తే, ఎంత నిశితంగా చదివినా కాగితం మీద కళంకం కనబడదు, యంత్రంలో మాత్రం వంశపారంపర్యంగా కొనసాగుతుంది. చదివినదే నడుస్తోందని నమ్మాలంటే కంపైలర్‌ను నమ్మాలి, దాన్ని నమ్మాలంటే దాన్ని కన్న కంపైలర్‌ను నమ్మాలి.

మూలపాఠం తెరిచి ఉంటే చాలునన్న అమాయకత్వానికి ఇది మొదటి దెబ్బ అయితే, 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం రెండోది. ఫైళ్లను కుదించడానికి లినక్స్ వ్యవస్థలు విస్తృతంగా వాడే ఆ చిన్న పరికరానికి, జియా టాన్ అనే పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా ఓపికగా సేవచేసి, నమ్మకం సంపాదించి, నిర్వాహకస్థానం చేరి, చివరకు దూరపు యంత్రాలలోకి చొరబడగల ద్వారాన్ని అందులో దాచారు. ఆప్తుని వేషం కట్టిన అనాప్తత అది. దాన్ని పట్టుకున్నది ఏ రాజ్యమూ కాదు. మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగి అయిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన పరీక్షాయంత్రంలో లాగిన్‌కు సుమారు అరసెకను ఎక్కువ పడుతోందని గమనించి, ఆ అరసెకను ఎక్కడ పోతోందో తవ్వుకుంటూ వెళ్లి, మార్చి 29న లోకానికి వెల్లడించాడు. మీమాంసకుని మాటల్లో అది బాధకజ్ఞానం. అది పుట్టగలగడానికి కారణం తవ్వుకుంటూ వెళ్లడానికి దారి మూసి లేకపోవడం.

కనుక నమ్మకం విషయంలో తేలేది ఇది. అన్నింటినీ ముందే రుజువు చేయించుకుని నమ్మడం అనవస్థ వల్ల అసాధ్యం. కాబట్టి మీమాంసకుడు చెప్పినట్లు బాధకం కనబడనంతవరకూ నమ్మి నడవక తప్పదు. కానీ ఆ సూత్రం పనిచేయాలంటే బాధకం కనబడటానికి అవకాశం ఉండాలి. దోషాన్ని వెతికే మార్గాన్నే మూసివేసి, దోషం కనబడలేదు కాబట్టి నమ్మండి అనడం స్వతఃప్రామాణ్యం కాదు, ప్రామాణ్యానికి పాతర. వేర్వేరుచోట్ల వేర్వేరు మనుషులు అదే మూలపాఠం నుంచి అక్షరం తేడాలేని ఫలితాన్ని రాబట్టి పోల్చుకునేలా డెబియన్ సమూహం 2013 నుంచి చేస్తున్న ప్రయత్నం ఈ మార్గాన్ని వెడల్పు చేసే సాధన. ఏ స్వదేశీ వ్యవస్థ అయినా భరోసా అనే మాటను వాడదలిస్తే, తన మూలాన్ని అలాంటి పోలికకు ఒప్పగించడమే దానికి అర్హత.

మాయ: ఆవరణం, విక్షేపం

అద్వైతులు మాయకు రెండు శక్తులు చెబుతారు. ఉన్నదాన్ని కప్పేది ఆవరణశక్తి, లేనిదాన్ని చూపేది విక్షేపశక్తి. తాడు కనబడకపోవడం మొదటిదాని పని, పాము కనబడటం రెండవదాని పని. ఆపరేటింగ్ సిస్టమ్ ఒక విధంగా నిర్దోషమైన మాయే: అయస్కాంత గుర్తులనూ విద్యుత్ స్థితులనూ కప్పి, ఫైల్ అని, ఫోల్డర్ అని, చెత్తబుట్ట అని లేని వస్తువులను చూపించకపోతే సామాన్యుడు కంప్యూటర్‌ను తాకలేడు. శత్రువు ఎదుట నిజాన్ని కప్పడం సేనాధర్మం కనుక రక్షణశాఖ తన వ్యవస్థకు ఆ పేరు పెట్టుకోవడంలోనూ అసంగతమేమీ లేదు. అయితే దానికి తోడుగా ఏర్పాటైన రక్షణకవచం పేరు ‘చక్రవ్యూహ్’ అని వినగానే, లోపలికి పోవడం తెలిసి బయటికి రావడం తెలియని అభిమన్యుడు తెలుగు పాఠకునికి గుర్తురాక మానడు. సైన్యానికి తగిన మాయ ఇంటికి తగదు. అక్కడ కప్పవలసింది శత్రువునుంచి, ఇక్కడ కప్పబడేది గృహస్థునినుంచి.

ఈ తేడాను విస్మరించిన చోట ఏమి జరుగుతుందో ఉత్తరకొరియా చూపించింది. ఆ దేశపు కొరియా కంప్యూటర్ కేంద్రం దేశీయుల కోసం రూపొందించిన ‘రెడ్ స్టార్’ వ్యవస్థకు కూడా మూలం లినక్సే. మూడో సంచిక తెర ఆపిల్ కంప్యూటర్ తెరను పోలి ముచ్చటగా ఉంటుంది. దాని ప్రతి ఒకటి బయటికి రాగా, ఫ్లోరియన్ గ్రునోవ్, నిక్లౌస్ షీస్ అనే జర్మన్ పరిశోధకులు విప్పి చూసి, 2015 డిసెంబరులో హాంబర్గ్‌లో జరిగిన కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్‌లో వివరించారు. పెన్‌డ్రైవ్‌లో ఒక ఫొటోనో పత్రాన్నో తెచ్చి ఆ యంత్రానికి తగిలించగానే, వాడుకరి దాన్ని తెరవకపోయినా సరే, ఆ యంత్రపు హార్డ్‌డిస్క్ సంఖ్య గుప్తరూపంలో ఆ ఫైల్‌లోకి చేరుతుంది. అదే డ్రైవ్ మరో ఇంటికి వెళితే ఆ ఇంటి సంఖ్యా దాని వెనుక చేరుతుంది. ఇలా ఒక చిత్రం ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోయిందో ఆ చిత్రమే నోరువిప్పకుండా సాక్ష్యం మోస్తుంది. వ్యవస్థలోని కీలకమైన ఫైళ్లను మార్చబోతే యంత్రం తనను తాను ఆపుకుని మళ్లీ మొదలవుతూ చక్రంలో పడుతుంది.

గమనించవలసిందేమంటే, ఈ వ్యవస్థ పూర్వపక్షం కోరిన షరతులన్నిటినీ తీరుస్తుంది. విదేశీ సంస్థ దీన్ని ఆపలేదు, విదేశీ సంస్థ పంపిన అప్‌డేట్‌తో ఇది కూలదు, దేశభాష ఇందులో ప్రథమస్థానంలోనే ఉంది. రామానుజుల కొలబద్ద పెట్టినప్పుడు మాత్రమే దోషం బయటపడుతుంది: ఇంటిలో ఉన్న యంత్రానికి ఇల్లుగలవాడు శేషి కాడు, రాజ్యమే శేషి. అంతర్యామికి ఉన్నట్లే దీనికీ లోపల ఉండటం, తెలియకుండా ఉండటం, నియమించడం అనే మూడు లక్షణాలూ ఉన్నాయి కానీ, అంతర్యామిని జీవునికి అమృతరూపుడైన ఆత్మగా చెప్పి ముగించిన యాజ్ఞవల్క్యుని వాక్యం ఇక్కడ వర్తించదు. లోపల కూర్చున్నవాడు లోపలివాని మేలుకోరి ఉంటే అంతర్యామి, వెలుపలివాని కోసం ఉంటే చారుడు. ఇద్దరికీ ఆసనం ఒకటే.

స్వేచ్ఛ

హైదరాబాద్‌లోని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారులు తమ సంస్థకూ తాము తెచ్చిన తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌కూ పెట్టుకున్న పేరులో ‘ఉచితం’ అన్న మాట లేకపోవడం గమనార్హం. తెలుగులో ఉచితమంటే వెల లేనిది, తగినది అని రెండర్థాలు. ప్రభుత్వాలు వెల లేకుండా పంచినదల్లా తగినదేనని భ్రమపడటానికి భాషే సందు ఇస్తుంది. స్వేచ్ఛలో అలాంటి తడబాటు లేదు: స్వ, ఇచ్ఛ, తన ఇష్టం. ఇక్కడి ‘స్వ’ దేశాన్ని కాదు, వాడే మనిషిని సూచిస్తుంది. స్వదేశీలోని ‘స్వ’ కూడా చివరికి అక్కడే దిగకపోతే, అది దేశం పేరున దేశీయుని చేతినుంచి తాళంచెవి తీసుకోవడమే అవుతుంది.

ఈ ‘స్వ’కు గీతలోనే ఆధారముంది. ఈశ్వరుడు యంత్రం మీదివాటిని తిప్పేవాడని 61వ శ్లోకంలో చెప్పిన కృష్ణుడే, రెండు శ్లోకాల తరువాత 63వ శ్లోకంలో, రహస్యాలకెల్ల రహస్యమైన జ్ఞానాన్ని నీకు చెప్పాను, దీన్ని ఏమీ మిగల్చకుండా విమర్శించి నీ ఇచ్ఛ ఎలా ఉంటే అలా చేయమని అర్జునునితో అంటాడు. విమర్శ, ఇచ్ఛ అనే మాటల ధాతువులు రెండూ ఆ శ్లోకంలోనే ఉన్నాయి. సర్వాన్నీ లోపలినుంచి తిప్పగలవాడు రహస్యాన్ని దాచుకోలేదు, విప్పాడు, విప్పి, పరీక్షించమన్నాడు, పరీక్షించాక, కాదనే అధికారం కూడా ఇచ్చాడు. నిర్వాహక వ్యవస్థ భాషలో చెబితే, మూలపాఠం తెరిచి ఉండటం విమర్శకు చోటు, మరో వ్యవస్థకు తన ఫైళ్లతో సహా తరలిపోగలగడం ఇచ్ఛకు చోటు. ఒకటి ఉండి మరొకటి లేకపోతే సరిపోదు. చదవనిచ్చి వదలనివ్వనిది చక్రవ్యూహం, వదలనిచ్చి చదవనివ్వనిది అంగడి.

దీనిమీద వైష్ణవులు ఒక ఆక్షేపణ లేవనెత్తవచ్చు. 63వ శ్లోకంతో గీత ఆగలేదు. 66వ శ్లోకం, వారు చరమశ్లోకమని తలదాల్చేది, ధర్మాలన్నింటినీ విడిచి తననొక్కణ్ణే శరణు పొందమంటుంది కదా, చివరిమాట స్వేచ్ఛ కాదు శరణాగతి కదా అని. ఆక్షేపణ సరైనదే, కానీ క్రమాన్ని పాటిస్తే అది ఈ సిద్ధాంతాన్ని బలపరుస్తుంది. శరణుకోరమన్న మాట స్వేచ్ఛ ఇచ్చిన తరువాత వచ్చింది. అర్జునుడు సైతం 73వ శ్లోకంలో మోహం పోయింది, సందేహం తీరింది అని ముందు చెప్పి, ఆ తరువాతనే నీ మాట ప్రకారం చేస్తానన్నాడు. సందేహం తీరాక చేసేది శరణాగతి, సందేహించడానికి చోటివ్వకుండా చేయించుకునేది లొంగుబాటు.

ఆ క్రమాన్ని రాజ్యం పాటించగలదా అన్నది ఊహాలోకపు ప్రశ్న కాదు, ఎందుకంటే లేఅవుట్ వేసిన ప్రతిచోటా అది పాటిస్తూనే ఉంది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఏ సెక్టారులోనైనా రోడ్డు ఎంత వెడల్పో, కాలువ ఎటు పారుతుందో, ఉద్యానానికి విడిచిన జాగా ఏదో లేఅవుట్ పటంలో ఉంటుంది, ఆ పటాన్ని పౌరుడు అడిగి చూడవచ్చు. ఇల్లు నచ్చకపోతే అమ్ముకుని పోవచ్చు. ఉన్నంతకాలం తలుపు లోపలినుంచి గడియ వేసుకోవచ్చు. ప్రభుత్వం పంపే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఆ పటంలాగా చూడనిచ్చి, ఆ ఇంటిలాగా విడవనిచ్చి, ఆ గడియను వాడుకరి వైపే ఉంచితే, దాని పేరు బాస్ అయినా మాయ అయినా గృహస్థునికి అభ్యంతరం ఉండనక్కరలేదు.